ఒక కంట వెన్న, ఒక కంట సున్నం: యుద్ధ విమర్శపై అపోహలు - వాస్తవాలు

ఉక్రెయిన్ యుద్ధంలో పౌరులపై దాడులను పరిశీలించేవాళ్లను రెండు వైపులవాళ్లూ తిట్టే మాట ఒకటే: పక్షపాతం. అందులో కొంత నిజముంది, ఎక్కువ భాగం తికమకే.

అపోహ: ఇద్దరినీ సమానంగా తిడితేనే నిష్పక్షపాతం.

వాస్తవం: కొలబద్ద ఒకటే ఉండాలి, కొలిచాక లెక్కలు వేరుగా రావచ్చు. యుద్ధం ఎవరు మొదలుపెట్టారన్నది ఒక ప్రశ్న. 2022 మార్చి 2న ఐరాస సాధారణ సభలో 141 దేశాలు రష్యాను తప్పుపట్టాయి. (మన దేశం సహా 35 దేశాలు ఓటు వేయకుండా తప్పుకున్నాయి.) యుద్ధం ఎలా చేస్తున్నారన్నది వేరే ప్రశ్న. యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం) 51(8) ప్రకారం, అవతలివాడు నియమం తప్పినా పౌరుల పట్ల మన బాధ్యత పోదు. దాడికి గురైన దేశానికీ ఇది వర్తిస్తుంది.

అపోహ: మనవాళ్లు వాడితే క్లస్టర్ బాంబు (గాల్లో విచ్చుకుని చిన్న బాంబులు వెదజల్లేది) ఆత్మరక్షణ.

వాస్తవం: విమర్శకుల నిలకడకు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. రష్యా వాడినప్పుడు మండిపడ్డవాళ్లలో కొందరు, 2023 జులైలో అమెరికా వాటిని ఉక్రెయిన్‌కు ఇస్తామన్నప్పుడు గొంతు తగ్గించారు. పేలకుండా మిగిలేవి 2.35 శాతం మించవని అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ చెప్పింది. వినడానికి చిన్న అంకె. కానీ 155 మిల్లీమీటర్ల గుండ్లలో 88 చిన్న బాంబులుండే రకం ఉంది. ఆ లెక్కన గుండుకు సుమారు 2 చిన్న బాంబులు పేలకుండా పొలంలో మిగిలిపోతాయి. మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ రెండు సైన్యాల వాడకాన్నీ తప్పుపట్టింది.

ఇక్కడ రాతలో తరచూ దొర్లే పొరపాటు ఒకటుంది. ఈ బాంబుల్ని నిషేధించిన 2008 ఒప్పందంలో రష్యా, ఉక్రెయిన్, అమెరికా ఏవీ లేవు. కాబట్టి 'ఒప్పంద ఉల్లంఘన' అని రాయకూడదు, 'విచక్షణ లేని దాడి' అని రుజువు చేయాలి. మనుషుల్ని చంపేందుకు పెట్టే మందుపాతరల సంగతి వేరు: వాటి నిషేధ ఒప్పందాన్ని ఉక్రెయిన్ 2005లో ఆమోదించింది (2025లో దాని అమలును నిలిపేస్తున్నట్టు ప్రకటించింది), రష్యా అసలు చేరలేదు. అందుకే 2025కు ముందటి వాడకంపై ఆరోపణ రెండు రకాలుగా రాస్తాం. ఇది ద్వంద్వ నీతి కిందకు రాదు.

అపోహ: 'ఇరాక్‌పై అమెరికా దాడి చేసినప్పుడు మీరెక్కడున్నారు?' అంటే చర్చ ముగిసినట్టే.

వాస్తవం: రష్యాను విమర్శించేవాళ్లను అడగదగ్గ ప్రశ్నే. ఆరోపణకు మాత్రం అది జవాబు కాదు.

ఇలాంటి దాడులపై మీరు రాసిన నివేదిక బయటికి పంపేముందు ఆయుధం, లక్ష్యం, దగ్గర్లోని పౌరులు, ముందస్తు హెచ్చరిక మాత్రమే ఉంచి, దేశాల పేర్లు కొట్టేసి మరొకరికి ఇవ్వండి. పేర్లు చూశాక వాళ్ల తీర్పు మారితే మళ్లీ రాయాల్సిందే. పరిశీలకులు అడుగుపెట్టలేని ఆక్రమిత ప్రాంతం నుంచి ఫిర్యాదులు తక్కువొస్తే, 'లోపలికి వెళ్లలేకపోయాం' అని మొదటి పేజీలోనే రాయండి.