ఫిలడెల్ఫియా జ్యూరీ ఫారం నుంచి ‘బ్యాక్ ద బ్లూ’ బిల్లు దాకా

మనకు పోలీసు అమరవీరుల దినంగా అక్టోబరు 21 ఎలాగో అమెరికా పోలీసులకు మే 15 అలాగ. ఆ వారం దగ్గర పడితే ‘బ్యాక్ ద బ్లూ’ (పోలీసులకు అండ) బిల్లు మాట మళ్లీ వినిపిస్తుంది. 2016 జులైలో డాలస్‌లో ఐదుగురు పోలీసులను కాల్చి చంపాక టెక్సాస్ సెనేటర్ జాన్ కార్నిన్ తెచ్చిన బిల్లు ఇది. 2017, 2019, 2021, 2023లలో మళ్లీ పెట్టినా చట్టం కాలేదు. అందులో కొత్త నేరాలు, కఠిన శిక్షలు చాలానే ఉన్నాయి. పోలీసును చంపినట్టు రాష్ట్ర కోర్టులో తేలినవాళ్లు ఫెడరల్ (కేంద్ర) కోర్టుకెళ్లే దారిని ఇరుకు చేసే సెక్షన్ దగ్గరే అసలు పేచీ.

మన దగ్గర హెబియస్ కార్పస్ అంటే పోలీసులు పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని వేసే పిటిషన్. అక్కడ అదే పేరుతో, రాష్ట్ర కోర్టుల్లో ఓడిపోయిన ఖైదీ ఫెడరల్ జడ్జి తలుపు తడతాడు. 1996లో క్లింటన్ సంతకం చేసిన చట్టం దానికి ఏడాది గడువు పెట్టింది. రాష్ట్ర కోర్టు తీర్పు తప్పుగా కనిపిస్తే చాలదు, అసమంజసంగా ఉంటేనే జోక్యం చేసుకోమంది. అందరూ కథను ఇక్కడినుంచే చెబుతారు. కానీ ఈ సెక్షన్ అర్థం కావాలంటే 2001 డిసెంబరుకు రావాలి.

ఫిలడెల్ఫియా పోలీసు డేనియల్ ఫాక్‌నర్ 1981లో హత్యకు గురికావడం, ఆ కేసులో రేడియో జర్నలిస్టు ముమియా అబూ జమాల్‌కు మరుసటి ఏడాది మరణశిక్ష పడటం అమెరికాలో అందరికీ తెలిసిన సంగతులే. ఇరవై ఏళ్లకు ఫెడరల్ జడ్జి విలియం యోన్ ఆ కేసులో జ్యూరీకిచ్చిన ఫారాన్ని, దాంతోపాటు చెప్పిన సూచనలను చూశారు. శిక్ష తగ్గించడానికి తగిన కారణాల జాబితా, కింద పన్నెండు మంది సంతకాలకు గీతలు. అది చూసిన జ్యూరర్లు, ఏ కారణాన్నైనా లెక్కలోకి తీసుకోవాలంటే పన్నెండు మందీ ఒప్పుకోవాలేమో అనుకునే ప్రమాదం ఉంది. అలా ఏకాభిప్రాయం అడగకూడదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. దాంతో యోన్ మరణశిక్ష కొట్టేశారు. హత్యానేరాన్ని మాత్రం అలాగే ఉంచారు. 1996 చట్టం కిందే ఇచ్చిన తీర్పు ఇది.

ఆ తర్వాత పదేళ్లు కేసు పైకీ కిందికీ తిరిగింది. ఫాక్‌నర్ భార్య మౌరీన్ ప్రతి విచారణకూ ఆ రాత్రిని మళ్లీ తవ్వుకోవాల్సి వచ్చింది. చివరికి 2011 డిసెంబరు 7న, హత్య జరిగి ముప్పై ఏళ్లు నిండటానికి రెండు రోజుల ముందు, ప్రాసిక్యూటర్ మరణశిక్ష ప్రయత్నాన్ని వదిలేశారు. ఈలోపు ఫాక్‌నర్ పేరుతోనే కాంగ్రెస్‌లో బిల్లు వచ్చింది. ఇప్పటి సెక్షన్‌కు పూర్వరూపం అదే. రాష్ట్ర కోర్టు తేల్చిన శిక్ష సంగతిని ఫెడరల్ జడ్జి అసలు పరిశీలించకూడదని ఇప్పటి సెక్షన్ అంటోంది. యోన్ చేసింది సరిగ్గా ఆ పనే.

కుటుంబాలు పడే నరకయాతనకు తెర దించడమే ఉద్దేశమని సమర్థకులు అంటారు. కాదనలేం. అయితే కార్నిన్ రాష్ట్రంలోనే ఇంకో కేసు ఉంది.

1982 జులైలో హ్యూస్టన్ పోలీసు జేమ్స్ హారిస్ హత్యకు గురయ్యాడు. మెక్సికో నుంచి వచ్చిన రికార్డో అల్దాపె గెర్రాకు మరణశిక్ష పడింది. గెర్రా తోటివాడు కరాస్కో అదే రాత్రి పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. హారిస్ పిస్టల్ దొరికింది ఆ కరాస్కో శవం దగ్గర. విచారణ జరుగుతున్నప్పుడు గెర్రా, కరాస్కోల పోలికలతో చేసిన రెండు నిలువెత్తు బొమ్మలను కోర్టు గదిలో నిలబెట్టారు. సాక్షులు వాటిని చూస్తూనే సాక్ష్యం చెప్పారు. 1994లో ఫెడరల్ జడ్జి కెన్నెత్ హోయ్ట్, పోలీసులూ ప్రాసిక్యూటర్లూ సాక్షులను బెదిరించారని తేల్చి, గెర్రా దోషి అన్న తీర్పును కొట్టేశారు. 1996లో పైకోర్టూ దాన్ని నిలబెట్టింది. 1997 ఏప్రిల్‌లో గెర్రా విడుదలై మెక్సికో వెళ్లాడు. నాలుగు నెలలకే కారు ప్రమాదంలో పోయాడు.

గెర్రాది శిక్ష మీద వాదన కాదు, నేరం మీదే. కాబట్టి శిక్ష సంగతిని పరిశీలించకూడదన్న నిషేధం అతనికి తగిలేది కాదు. కానీ ఇదే సెక్షన్ ఇలాంటి కేసులన్నిటికీ 180 రోజుల గడువు కూడా పెడుతోంది. రాష్ట్రంలో అప్పీలు ముగియగానే ఆ గడియారం మొదలవుతుంది, రాష్ట్ర కోర్టులోనే ఇంకో పిటిషన్ నడుస్తుంటే ఆగుతుంది. హ్యూస్టన్‌లోని పెద్ద లా ఫర్మ్ లాయర్లు గెర్రా ఫైలు తెరిచేసరికి శిక్షపడి పదేళ్లు కావస్తోంది.