కొబ్బరి కోరే చేతికి బొటనవేలి పక్క నొప్పెందుకు?

అమలాపురం పాఠకురాలొకరి ప్రశ్న: "కొబ్బరి కోరినా, పట్టకారుతో గిన్నె దించినా బొటనవేలి వైపు మణికట్టు కలుక్కుమంటోంది. అరుగుదలేనా?"

కాకపోవచ్చు. బొటనవేలి వైపు మణికట్టు పక్కన ఎముక గుబ్బ ఒకటి తగులుతుంది. నొక్కితే నొప్పి సరిగ్గా దాని మీదే ఉంటే ముందు అనుమానించాల్సింది డీ క్వెర్వెన్ జబ్బుని. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డీ క్వెర్వెన్ 1895లో దీన్ని వర్ణించాడు. బొటనవేలిని గుప్పిట్లో మూసి మణికట్టును చిటికెనవేలి వైపు వంచే పరీక్ష వీడియోల్లో చూసే ఉంటారు. గట్టిగా వంచితే జబ్బు లేని చెయ్యి కూడా నొప్పెడుతుంది. మెల్లగా వంచి, రెండు చేతులూ పోల్చుకోవాలి.

ఆ గుబ్బ మీద సన్నని గాడి, దానిపైన గట్టి పొర కప్పు. ఆ సొరంగంలోంచి రెండు టెండన్లు, అంటే కండని ఎముకకి కలిపే తాళ్ళు, వెళతాయి. ఒకటి బొటనవేలిని పక్కకి లాగుతుంది, రెండోది చాపుతుంది. లాగే కండలు ముంజేతిలో ఉంటాయి, పని వేలి దగ్గర జరుగుతుంది.

నూతిలో చేద తోడేటప్పుడు గిలక ఉంటే తాడుతోపాటు అదీ తిరుగుతుంది. గిలక లేకుండా ఒర మీంచి లాగితే తాడు ఒరుసుకుంటుంది. మణికట్టులో గిలక లేదు, ఒరే ఉంది. ఒర మీద పడే ఒత్తిడికి లెక్కుంది: వంపు కోణంలో సగానికి సైన్ విలువ తీసి, తాడు బిగువుతో హెచ్చించి, రెట్టింపు చెయ్యాలి. బిగువు 5 కిలోలనుకుంటే, 10 డిగ్రీల వంపులో ఒత్తిడి 0.87 కిలో; 30 డిగ్రీల్లో దాదాపు 2.6 కిలోలు. బరువు అదే, చెయ్యి వంచినందుకు మూడింతలు! బిగువు సగమైతే ఒత్తిడీ సగమే. కాబట్టి తగ్గించాల్సినవి రెండే, వంపూ బిగువూ.

నూతి తాడు అరిగి సన్నబడుతుంది. ఇక్కడ జరిగేది తిరగబడ్డ కథ: ఒరిపిడికి కప్పు పొర మందమై సొరంగం ఇరుకవుతుంది. పాత కేసుల్లో వాపు కన్నా ఈ మందమే ఎక్కువ కనుక నొప్పి మాత్రలతో పూర్తిగా పోదు. నల్లతాడు కడితే పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. నూనె రాసి గుబ్బ మీద గట్టిగా తోమడం మాత్రం ఒరిపిడిని పెంచడమే.

కోరాం మీద చిప్పను బొటనవేలితో అదిమి, మణికట్టు తిప్పుతూ కోరతాం. చిప్పను అరచేతిలో ఆనించి, మణికట్టు నిటారుగా ఉంచి, మోచేతి నుంచి కదపండి. నాలుగైదు చిప్పలుంటే ఒక్క బిగిన కోరకండి. పట్టకారుతో బరువు గిన్నె ఎత్తడం అన్నిటికన్నా చెడ్డది. బొటనవేలు బిగుసుకుంటుంది, మణికట్టు చిటికెనవేలి వైపు వాలుతుంది, అంటే బిగువూ వంపూ ఒకేసారి. రెండు చేతులా మసిగుడ్డతో పట్టుకోండి. గంజి వార్చడానికీ అంతే.

పట్టీ కొంటే బొటనవేలిని కూడా కదలనివ్వనిదే కొనాలి. మణికట్టుకు మాత్రమే చుట్టే బెల్టు వల్ల పెద్దగా ఉపయోగం లేదు. కొన్ని వారాలకీ తగ్గకపోతే డాక్టర్లు సొరంగంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి దానితోనే తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకి కొన్నాళ్ళు షుగర్ పెరగొచ్చు, సూది గుచ్చిన చోట చర్మం తెల్లబడొచ్చు. కొందరి సొరంగం మధ్యలో అడ్డుగోడ ఉంటుంది. మందు ఒక గదిలోకే చేరితే రెండో టెండన్ నొప్పి అలాగే మిగులుతుంది. ఆపరేషన్‌లో కప్పు కోసినప్పుడూ ఆ రెండో గదిని వెతికి తెరవాల్సిందే.

రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే అది వేరే జబ్బు, నరం నొక్కుకుపోవడం. దానికి ఈ పట్టీ పనికిరాదు.