పాత చర్చిల గురించి మనవాళ్ల అపోహలు, అసలు సంగతులు

హనుమకొండలో ఉంటూ పాత కట్టడాల రిపేర్లు చేయిస్తుంటాను. చర్చి పని అనగానే ఎక్కడికెళ్లినా ఇవే మాటలు.

అపోహ: పాత చర్చి అంటే ఇంగ్లండ్ నమూనానే.
మెదక్ ఒక్కటే చూస్తే అలాగే అనిపిస్తుంది, గోథిక్ పద్ధతి (కోసు కమానుల పాత యూరప్ శైలి), 175 అడుగుల శిఖరం, రంగుటద్దాల కిటికీలు. ఒకసారి డోర్నకల్ రండి. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఆ కెథడ్రల్‌కి (బిషప్ ఉండే ప్రధాన చర్చికి) గుమ్మటాలు, మినార్లు, లోపల గుడి మండపంలో ఉండేలాంటి స్తంభాలు. ఆంగ్లికన్ అంటే ఇంగ్లండ్ చర్చి శాఖ, దానిలో తొలి భారతీయ బిషప్ అజరయ్య గారు కావాలనే అలా కట్టించారు.

అపోహ: వాటికన్ తర్వాత ఆసియాలో పెద్దది మెదక్ చర్చే.
వాటికన్ ఆసియాలోకి ఎప్పుడొచ్చిందో మరి! మెదక్ పొడవు 200 అడుగులు, కలకత్తా సెయింట్ పాల్స్ 247. కరువులో జనానికి పని, తిండి దొరికేలా మిషనరీ పోస్నెట్ దొర ఆ చర్చి కట్టించారు, ఆ పేరు చాలదా, ర్యాంకులెందుకు?

అపోహ: అన్నీ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వే, తేడా ఏముంది?
సీఎస్ఐ పుట్టిందే 1947 సెప్టెంబరు 27న. అంతకుముందు మెదక్ వెస్లియన్ మెథడిస్టులది, డోర్నకల్ ఆంగ్లికన్లది. ప్రెస్బిటేరియన్లనే ఇంకో ప్రొటెస్టెంటు శాఖవాళ్లేమో 1908లోనే కాంగ్రిగేషనలిస్టులనే మరో శాఖతో కలిసిపోయి, ఆ కొత్త సంఘంతో పాటు సీఎస్ఐలోకి వచ్చారు. ప్రెస్బిటేరియన్ల పాత చర్చిల్లో వాక్యం చెప్పే ఎత్తైన వేదిక, అంటే పుల్పిట్‌దే పెద్దపీట, కూర్చునే వరసలు కూడా దాన్నిబట్టే ఉంటాయి. అడ్డంగా ఉందని దాన్ని మూలకు జరిపితే ఆ హాలుకు అర్థమే ఉండదు.

అపోహ: సిమెంటు పూస్తే గోడ గట్టిపడుతుంది.
నా అసలు తలనొప్పి ఇదే. సున్నంతో కట్టిన గోడ నేలలోంచి తేమ పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు పూశామా, ఆ తేమకు బయటికి దారి ఉండదు, లోపలే ఉప్పు పేరుకుంటుంది, కొన్ని వానాకాలాలు పోయేసరికి మోకాలి ఎత్తు వరకు తెల్లటి పొడి, వేలితో కొడితే డొల్ల చప్పుడు, చివరికి సిమెంటు పెచ్చుతో పాటు పాత ఇటుక ముఖం కూడా ఊడొస్తుంది. అప్పుడు అదే మేస్త్రీ, "పాత గోడ సార్, బలం లేదు, కూలగొట్టుడే" అంటాడు.

చేయాల్సింది వేరే. సిమెంటును ఉలితో మెల్లగా తీసి, గోడను బాగా ఆరనిచ్చి, గానుగ సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి పూయాలి. కోడిగుడ్డు సొన ఎంత పోయాలని అందరూ ముందు అదే అడుగుతారు. బలం గుడ్డుది కాదు, గాలి తగిలి సున్నం నిదానంగా రాయిగా మారుతుంది, దానిది. పండగలోపు అయిపోవాలంటే కుదరదు. అసలు పూతకన్నా ముందు, కప్పు మీది నీళ్లు ఏ గోడ మొదట్లో పడుతున్నాయో చూసుకోండి.