వైర్‌లెస్ డీబగ్గింగ్: అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరులో మొబైల్ యాప్‌లకు భద్రతా పరీక్షలు చేస్తుంటాను. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ పీజీల్లో ఉంటూ యాప్‌లు రాసే మన తెలుగువాళ్ల నోట వైర్‌లెస్ డీబగ్గింగ్ గురించి తరచుగా వినిపించే అభిప్రాయాలు ఇవి. కేబుల్ లేకుండా వైఫై మీదే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కంప్యూటర్‌తో కలిపి యాప్‌లను పరీక్షించే సౌకర్యం ఇది; కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలు పంపే ఏడీబీ అనే సాధనంతో పనిచేస్తుంది.

అపోహ: ఫోన్‌లో ఈ సౌకర్యం స్విచ్ ఆన్‌లో ఉంటే, అదే వైఫైలో ఉన్న ఎవరైనా ఫోన్‌లోకి చొరబడతారు.

వాస్తవం: ఆండ్రాయిడ్ 11 నుంచి ఈ సౌకర్యం రూపకల్పనే వేరు. ఫోన్‌లో కనిపించే ఆరంకెల కోడ్‌ను కంప్యూటర్‌లో కొట్టడమో, కంప్యూటర్‌లోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేయడమో జరిగితేనే రెండూ జతపడతాయి. ఆ తర్వాత నడిచే సమాచారమంతా టీఎల్ఎస్ అనే గుప్తీకరణ రక్షణలో ఉంటుంది. అసలు భయపడవలసింది ఏడీబీ కోసం ఫోన్‌లో 5555 అనే నెట్‌వర్క్ ద్వారాన్ని (పోర్టును) తెరిచే పాత పద్ధతికి, ఎందుకంటే అందులో సమాచారం గుప్తీకరణ లేకుండానే ప్రయాణిస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఏడీబీ.మైనర్ అనే మాల్‌వేర్ ఆ పోర్టు తెరిచి ఉన్న పరికరాలను వెతుక్కుంటూ వ్యాపించింది. పీజీ హాల్లోని చవక టీవీ బాక్సులో ఆ పోర్టు తెరిచి ఉందేమో కూడా ఒకసారి చూసుకోవడం మంచిది.

అపోహ: రూట్ చేయని (పూర్తి సిస్టమ్ అధికారాలు తెరవని) ఫోన్‌కు ఏడీబీ వల్ల పెద్దగా నష్టం ఉండదు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. జతపడిన కంప్యూటర్ తెరను చిత్రంగా తీసుకోగలదు, మీ బదులు తెరను నొక్కగలదు, గ్యాలరీలోని ఫొటోలను కాపీ చేసుకోగలదు, కొత్త యాప్‌ను ఎక్కించి దానికి మైకు, లొకేషన్ అనుమతులను మిమ్మల్ని అడగకుండానే ఇవ్వగలదు. చాలా బ్యాంకు యాప్‌లు స్క్రీన్‌షాట్‌లో తమ తెరను నల్లగా చూపుతాయి గానీ, మెసేజ్‌లలోని ఓటీపీకి సాధారణంగా ఆ రక్షణ ఉండదు. ఇతర యాప్‌ల సొంత ఫోల్డర్లు దానికి అందవు, నిజమే. అయితే డీబగ్ బిల్డ్‌కు, అంటే పరీక్షల కోసం తయారుచేసిన యాప్ రూపానికి, ఆ రక్షణ లేదు, పైగా లాగిన్ టోకెన్‌ను (లాగిన్ అయినట్లు గుర్తించే రహస్య కోడ్‌ను) యథాతథంగా లాగ్‌లో, అంటే యాప్ పనితీరు నమోదయ్యే చిట్టాలో, రాసేసే డెవలపర్లకు కొదవ లేదు.

అపోహ: స్విచ్ ఆపేస్తే అంతా ముగిసినట్లే.

వాస్తవం: కనెక్షన్ తెగుతుంది గానీ ఫోన్ ఆ కంప్యూటర్‌ను మరిచిపోదు. కంప్యూటర్ గుర్తింపు దానిలోని ఏడీబీకీ అనే చిన్న ఫైలులో ఉంటుంది కాబట్టి, ఆ ఫైలు ఎవరి చేతికి చిక్కితే వారే మీ కంప్యూటర్‌గా చలామణి కాగలరు. వాడని అనుమతి ఆండ్రాయిడ్ 11 నుంచి 7 రోజుల్లో దానంతటదే రద్దవుతుంది. కానీ పదేపదే అడుగుతోందన్న విసుగుతో ఆ గడువును ఆపివేసేవారూ ఉంటారు. నోటీస్ పీరియడ్ ముగిసి ఆఫీసు ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చే ముందు, జత చేసిన పరికరాల జాబితాలో దాన్ని ఫర్‌గెట్ చేసి, యూఎస్‌బీ డీబగ్గింగ్ అనుమతులను కూడా రద్దు చేయాలి.

అపోహ: డెవలపర్ ఆప్షన్స్ (డీబగ్గింగ్ స్విచ్‌లుండే సెట్టింగుల మెనూ) ఆన్‌లో ఉంటే తెరుచుకోని బ్యాంకు యాప్‌లది ఉత్త చాదస్తం.

వాస్తవం: కొంతవరకు చాదస్తమే. ఆ మెనూ తెరిచి ఉన్నంత మాత్రాన ఫోన్ ఎవరికీ లొంగదు. ఆ గొడవ పడలేకే పరీక్షలకు సిమ్ లేని పాత ఫోన్‌ను విడిగా ఉంచుకున్నాను.