హెడ్‌ఫోన్ ఆంప్, ప్రీఆంప్ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండల ఇండ్లల్ల ఆడియో సెట్టింగు, ఆంప్ (పాట సిగ్నల్‌ను పెంచి హెడ్‌ఫోన్‌ను నడిపే డబ్బా) రిపేర్లు చేస్తుంట నేను. వారంల ఒకరన్న ఫోన్ చేసి "అన్నా, ఇన్ని పైసలు పెడ్తున్న, ఏ ఆంప్ తీసుకోమంటవ్" అంటరు, నేను మాత్రం ఫస్టు అడిగేది నీ హెడ్‌ఫోన్ ఏది, దేనికి కలుపుతున్నవ్, ఇంట్ల ఎర్తింగ్ ఉన్నదా అని. ఈ మూడు తెల్వకుంట ఎంత పెద్ద ఆంప్ తెచ్చినా పైసలు మన్నుల పోసినట్టే, అందుకే నా దగ్గరికి ఎక్కువ వచ్చే మాటలన్నీ ఒక్క కాడ రాస్తున్న.

అపోహ: వాట్స్ ఎంత ఎక్కువుంటే సౌండ్ అంత మంచిగుంటది

లెక్క కట్టి చూద్దాం. సెన్‌హైజర్ హెచ్‌డి 600 హెడ్‌ఫోన్ తీసుకోండి, 300 ఓమ్స్ (కరెంటుకు ఎంత అడ్డుపడ్తదో ఆ లెక్క), ఒక్క వోల్ట్ ఇస్తే 97 డెసిబెల్స్ వస్తది. పాటల డప్పు దెబ్బ గట్టిగ పడ్డప్పుడు 110 దాకా పోవాలన్నా ఇంకో 13 డెసిబెల్స్ కావాలె, అంటే దగ్గర దగ్గర నాలుగున్నర వోల్ట్స్, పవర్ల చూస్తే 67 మిల్లీవాట్స్. వాట్‌ల పదిహేనో వంతు, అంతే! మరి నడపడం కష్టమని పేరున్న హైఫైమాన్ సుస్వరా సంగతి? అది 60 ఓమ్సే గాని మిల్లీవాట్‌కు 83 డెసిబెల్సే ఇస్తది, దానికి సుత అదే 110 కావాల్నంటే అర వాట్ సరిపోతది. అంటే ఓమ్స్ ఒక్కటే చూసి ఇది కష్టం అది అల్క అని చెప్పలేం, సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు ఎంత సౌండ్ ఇస్తదో అది) కలిపి చూడాలె. ఇంకోటి, డబ్బా మీద రాసే వాట్స్ ఎక్కువసార్లు 32 ఓమ్స్ కాడివి, అదే ఆంప్ 300 ఓమ్స్ కాడ చాలా తక్కువ ఇస్తది, మీ హెడ్‌ఫోన్ ఓమ్స్ కాడ ఎంతిస్తదో అది అడగండి. పవర్ డబుల్ అయితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే అని సుత గుర్తు పెట్టుకోండి.

ఎక్కువ పవర్‌తోని నష్టం లేదా అంటే ఉన్నది. చెవుల పెట్టుకునే చిన్న ఇయర్‌ఫోన్లకు పెద్ద ఆంప్ పెడితే వెనక సుయ్‌మని శబ్దం వినబడ్తది, వాల్యూమ్ నాబ్ జర తిప్పంగనే చెవులు పగుల్తయి, ఆ మొదట్ల నాబ్ కాడ ఎడమ కుడి సమానంగ రాదు, ఒక దిక్కు తక్కువ ఒక దిక్కు ఎక్కువ. చాలామంది ఆంప్ ఖరాబైందని పట్కొస్తరు, నేను గెయిన్ (ఆంప్ సిగ్నల్‌ను ఎంత పెంచాల్నో ఆ లెక్క) స్విచ్‌ను 'లో' అంటే తక్కువ కాడికి మార్చి పంపిస్త.

అపోహ: ట్యూబ్ ఆంప్ దేనికి పెట్టినా తియ్యగ ఉంటది

ట్యూబ్ ఆంప్ అంటే గాజు బల్బుల అసొంటి వాల్వులతోని నడిచేది, దేనికి పడితే దానికి కాదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్యూబ్ ఆంప్‌లకు అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (ఆంప్ సొంత ఓమ్స్) ఎక్కువుంటది, అది హెడ్‌ఫోన్ ఓమ్స్‌ల ఎనిమిదో వంతుకు మించొద్దని మేం ఒక లెక్క పెట్టుకుంటం. హెచ్‌డి 600 మీద 300 అని రాసున్నా బేస్ కాడ అది 500 దాటుతది, దానికి 120 ఓమ్స్ ఉన్న ఆంప్ పెడితే బేస్ ఒక డెసిబెల్ దాకా లేస్తది, ఆ తియ్యదనం అంటున్నది చాలావరకు అదే, నాకు సుత ఇష్టమే అది. అదే ఆంప్‌కు 32 ఓమ్స్ ఇయర్‌ఫోన్ పెడితే పాట మొత్తం ఆకారమే మారిపోతది.

అపోహ: బ్యాలెన్స్‌డ్ పిన్ను అంటేనే క్వాలిటీ

బ్యాలెన్స్‌డ్ అంటే ఎడమకు కుడికి మైనస్ తీగెలు సుత వేరేవేరే ఉండేది, దాంట్ల వచ్చే అసలు లాభం పవర్, వోల్టేజ్ డబుల్ దాకా వస్తది. గట్టిగ వినబడేది మంచిగున్నట్టు మన చెవికి అనిపిస్తది, అందుకే పోల్చేటప్పుడు మీటర్‌తోని రెండిట్ల వోల్టేజ్ సమానం చేసి వినాలె. ఇగ ఒక్క మాట గట్టిగ చెప్తున్న, బ్యాలెన్స్‌డ్ సాకెట్‌కు అడాప్టర్ పెట్టి మామూలు హెడ్‌ఫోన్ గుచ్చకండి. మామూలు పిన్నుల ఎడమ కుడి మైనస్‌లు ఒక్కటై ఉంటయి, ఆంప్‌ల ఆ రెండు వేరేవేరే, గుచ్చంగనే షార్ట్ అయితది. గట్ల అవుట్‌పుట్ ఐసీ (చిప్) కాలిన ఆంప్ పోయిన ఎండాకాలం నా టేబుల్ మీదికొచ్చింది, రెండు వందల రూపాయల అడాప్టర్ చేసిన పని.

అపోహ: ప్రీఆంప్ వేరే డబ్బా లేకపోతే స్పీకర్ల సౌండ్ పల్చగైతది

ప్రీఆంప్ అంటే స్పీకర్లకు ముందు సిగ్నల్‌ను, వాల్యూమ్‌ను చూసుకునే డబ్బా. ఇప్పటి డాక్‌లు (డిజిటల్ పాటను మామూలు సిగ్నల్‌గ మార్చే డబ్బాలు) ఆర్‌సీఏ సాకెట్ల (ఎర్ర తెల్ల పిన్నులవి) 2 వోల్ట్స్ ఇస్తున్నయి, మామూలు యాక్టివ్ స్పీకర్లకు (లోపల్నే ఆంప్ ఉన్నవి) అది సరిపోను, ఇంకా మిగుల్తది. మనకు కావాల్సింది పెంచేది కాదు, తగ్గించేది, ఆ పని ప్రీ అవుట్ (స్పీకర్లకు సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఉన్న హెడ్‌ఫోన్ ఆంప్ మంచిగ చేస్తది. కొనేముందు రెండు చూడండి, ప్రీ అవుట్ నాబ్‌తోని మారుతదా ఫిక్స్‌డా, హెడ్‌ఫోన్ పెట్టంగనే స్పీకర్లు బంద్ అయితయా లేదా. సుబేదారిల ఒక తమ్ముడు సెట్టింగ్‌ల ఫిక్స్‌డ్ అని ఉన్నది చూసుకోకుంట పాట పెట్టిండు, స్పీకర్ల వెనక నాబులు ఫుల్‌ల ఉన్నయి, ట్వీటర్ (సన్న శబ్దాలు ఇచ్చే చిన్న స్పీకర్) పోయింది.

నేను పెట్టే తరీఖ ఇది: డాక్ వాల్యూమ్ ఫుల్, ఆంప్ నాబ్ నడిమిట్ల, స్పీకర్ల వెనక గెయిన్ సున్నా నుంచి మెల్లగ పెంచుకుంట మీరు రోజూ వినే సౌండ్ కాడ ఆపుడు. ఆ తర్వాత వాల్యూమ్ ఒక్క కాడనే, ఆంప్ నాబ్ కాడనే తిప్పాలె. ఆన్ చేసేటప్పుడు స్పీకర్లు ఆఖరికి, బంద్ చేసేటప్పుడు అవే ముందు, లేకుంటే ధడ్‌మని కొడ్తది.

అపోహ: గుయ్‌మని హమ్ వస్తే ఎర్త్ పిన్ను తీసేస్తే సరి

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. కాజీపేటల ఒకరింటికి పోయిన, టీవీ నుంచి డాక్, డాక్ నుంచి ఆంప్, ఆంప్ నుంచి స్పీకర్లు. హమ్ వస్తుందని ఎవరో చెప్తే ఆంప్ ప్లగ్గుకు లావు పిన్ను ఊడవీకిన్రు. హమ్ పోయింది, కని ఆంప్ మీద చెయ్యి పెడితే సన్నగ చురుక్కుమంటున్నది. టెస్టర్ పెట్టిన, లైట్ వెలిగింది, మీటర్ పెడితే బాడీకి ఎర్త్‌కు నడుమ వంద వోల్ట్స్ దాకా చూపెట్టింది. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి లీకయ్యే కరెంటు అది, ఎర్త్ ఉంటే అటు పోయేది, పిన్ను లేక బాడీ మీద నిలబడ్డది. ఇది చురుక్కుమనేదే, కని లోపల ఫేజ్ వైర్ ఊడి బాడీకి తాకితే 230 వోల్ట్స్ సీదా వస్తది, ఆ డబ్బాకు కలిసిన తీగె మన తలకాయ మీదుంటది!

మరి హమ్ ఏడికెళ్లి వచ్చింది? సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే కేబుల్ వైరు బయట ఇంకోకాడ ఎర్త్ అయి ఉంటది, ఆంప్‌కు ఇంట్ల ఎర్త్, ఈ రెండు ఎర్త్‌ల నడుమ తేడా ఆర్‌సీఏ తీగె షీల్డ్ మీదికెళ్లి పారి 50 హెర్ట్జ్ మోత అయితది. కొత్త ప్లగ్గు ఏసి ఎర్త్ కలిపిన, మోత వచ్చింది, కేబుల్ వైరు గుంజిన, టక్కున ఆగింది. టీవీ నుంచి డాక్‌కు ఆప్టికల్ తీగె ఏసిన, దాంట్ల పోయేది వెలుతురే గని కరెంటు కాదు, వైరు మళ్ల పెట్టినా మోత లేదు. లాప్‌టాప్‌తోని గీరినట్టు శబ్దం వస్తే చార్జర్ తీసి చూడండి, అన్నీ ఒక్క బోర్డు నుంచే ఇయ్యండి. ఇంటెనక ఉప్పు బొగ్గు పోసిన ఎర్తింగ్ గుంత ఉంటే ఎండాకాలంల నీళ్లు పోస్తుండండి, మన్ను ఎండితే ఎర్త్ ఉన్నా లేనట్టే.

అపోహ: ఖరీదైన పవర్ కార్డు ఏస్తే సౌండ్ తెరుచుకుంటది

నేను మీటర్ పెట్టి చూసిన, చెవి పెట్టి విన్న, తేడా దొరకలే. ఆ పైసలు ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చి ఎర్త్ సరి చేయించుకోండి.

అపోహ: ఆంప్ వేడెక్కితే ఖరాబైనట్టు

క్లాస్ ఏ ఆంప్ (ఎప్పటికీ కరెంటు గుంజుకుంటనే ఉండే రకం) పాట లేకున్నా వేడిగనే ఉంటది, అది దాని తీరు. కని మన దిక్కు మే నెలల రూమే 40 దాటుతది, దాన్ని టీవీ యూనిట్ల అద్దం తలుపు పెట్టి మూస్తే లోపల కెపాసిటర్లు తొందరగ ఎండుతయి. మీద జానెడు ఖాళీ ఉంచండి, జాలీల దుమ్ము నెలకోసారి బ్రష్‌తోని దులపండి, డాక్‌ను దాని మీద పెట్టకండి, పక్కకు పెట్టండి.