పోర్చుగీసు మనకు పరాయి భాష కాదు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

విశాఖలో ఒక విశ్వవిద్యాలయంలో పోర్చుగీసు భాష, సంస్కృతి చెబుతాను. కొత్త బ్యాచ్ చేరిన ప్రతిసారీ అవే మాటలు వినబడతాయి, పిల్లల కంటే తల్లిదండ్రుల నోటి నుంచే ఎక్కువ. మన పిల్లల్ని ఈ భాషకు దూరం చేస్తున్నవి ఆ మాటలే. అందుకే రాస్తున్నాను.

అపోహ: "మనకూ ఆ భాషకూ సంబంధమే లేదు."

మొదటి రోజు నేను పుస్తకం తెరవను. బోర్డు మీద బొత్తాం, బాల్చీ, అలమారా, తువ్వాలు, పీపా, పాదిరి, మేస్త్రి అని తెలుగులోనే రాస్తాను. ఇవన్నీ పోర్చుగీసు నుంచి వచ్చిన మాటలే. పోయినేడాది పెందుర్తి నుంచి వచ్చే ఒక అబ్బాయి లేచి "మా నాన్న తాపీమేస్త్రి, మేడం" అన్నాడు. వాళ్ల భాషలో ఆ మాట 'మెస్త్రి'. పనిలో ఆరితేరినవాణ్ణీ, చదువు చెప్పే గురువునీ కూడా అలాగే పిలుస్తారని చెప్పాను. నోట్సులో ఆ ఒక్క మాట కింద రెండు గీతలు గీసుకున్నాడు.

సింహాచలం కొండ కింద సీజన్‌లో కుప్పలు పోసి అమ్మే అనాస పండు పుట్టింది దక్షిణ అమెరికాలో. పోర్చుగీసు ఓడల్లో పండూ వచ్చింది, 'అననాస్' అనే పేరూ వచ్చింది. (బ్రెజిల్‌లో మాత్రం దాన్ని 'అబకషీ' అంటారు. అననాస్ పోర్చుగల్ వాడుక.) పలాసకి ఇంత పేరు తెచ్చిన జీడిచెట్టు కూడా బ్రెజిల్ నుంచి వాళ్లు తెచ్చిందే. కాజు అనే మాట అక్కడి ఆదివాసులైన తుపి ప్రజలది.

అపోహ: "గోవాలో పెద్దవాళ్లు మాట్లాడే భాష, ఇప్పుడెవరికి కావాలి?"

గోవా ప్రజల భాష కొంకణి. పోర్చుగీసువాళ్లు అక్కడ 1510 నుంచి 1961 దాకా పాలించారు, అంతే. ఆ భాషకి ఇప్పుడు పెద్ద దిక్కు బ్రెజిల్. 2022 లెక్కల ప్రకారం అక్కడి జనాభా 20 కోట్ల పైమాటే. పోర్చుగల్ జనాభా కోటి చిల్లర. అంగోలా, మొజాంబిక్, తూర్పు తైమూర్‌లలో కూడా ఇది అధికార భాషే.

అపోహ: "ఇంగ్లిష్ గట్టిగా వస్తేనే పోర్చుగీసు వస్తుంది."

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. తెలుగు మీడియం పిల్లలు దీన్ని నమ్మి దరఖాస్తే పెట్టరు. నిజానికి ఇంగ్లిష్ అడ్డుపడేచోట తెలుగు దారి చూపిస్తుంది. 'ఫాలు' అంటే మాట్లాడతాను, 'ఫలాముస్' అంటే మాట్లాడతాం. మనలాగే క్రియ చివర చూస్తే ఎవరో తెలిసిపోతుంది.

పోర్చుగీసులో సేర్, ఎస్తార్ అని రెండు క్రియలున్నాయి. ఇంగ్లిష్‌లో రెండింటికీ 'ఈజ్' ఒక్కటే కాబట్టి అందరికీ టెన్షన్. నేను తెలుగులో అడుగుతాను. "ఆయన డాక్టరు" అన్నప్పుడు 'ఉన్నారు' అంటామా? అనం. అక్కడ సేర్. "ఆయన ఇంట్లో ఉన్నారు" అంటాం. అక్కడ ఎస్తార్. "ఇల్లు పెద్దది", సేర్. "ఇల్లు ఖాళీగా ఉంది", ఎస్తార్. అన్నిచోట్లా ఈ కిటుకు పనిచేయదు. ఊళ్లూ భవనాలూ ఎక్కడున్నాయో చెప్పడానికి సాధారణంగా 'ఫికార్' వాడతారు. కానీ మొదటి నెల భయం పోవడానికి ఇది చాలు.

ఉచ్చారణా అంతే. రొట్టెకి వాళ్ల మాట 'పాఁవు'. ముక్కుతో పలకకుండా 'పావు' అంటే కర్ర అవుతుంది. పాత పద్యాల్లో 'వాఁడు', 'నేఁడు' అని అరసున్న చూసిన పిల్లలకు ఆ గుర్తు పెట్టి చూపిస్తే వెంటనే పట్టుకుంటారు.

అపోహ: "స్పానిష్ వస్తే ఇది నేర్చుకోనక్కర్లేదు."

చదివితే చాలావరకు అర్థమవుతుంది, మాట్లాడితే దొరికిపోతాం. స్పానిష్‌లో వంటని 'ఎస్కిసీతో' అంటే అద్భుతమని మెచ్చుకోవడం. పోర్చుగీసులో 'ఇస్కిజీతు' అంటే అదోలా ఉందని.

అపోహ: "నేర్చుకుంటే ఉద్యోగం గ్యారంటీ."

కాదు. చేరేముందే ఈ మాట చెప్పేస్తాను. భాషతోపాటు చేతిలో ఇంకో చదువు ఉండాలి. మన ఉక్కు కర్మాగారం భాగస్వామిగా ఉన్న ప్రభుత్వరంగ బొగ్గు సంస్థ 2014లో మొజాంబిక్‌లోని బెంగా గనిలో పెద్ద వాటా కొన్నది. అలాంటిచోట ఇంజినీరుకో అకౌంటెంటుకో ఈ భాష వస్తే పని ఎంతో సులువవుతుంది.

అపోహ: "మాటలన్నీ అటు నుంచి ఇటు వచ్చినవే."

మనదీ ఒకటి వెళ్లింది. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం మన ఒంగోలు జాతి సంతతే. నెల్లూరు పేరు మీద వాటిని అక్కడ 'నెలోరి' అంటారు. రెండో సెమిస్టర్‌లో ఒంగోలు గిత్త గురించి పోర్చుగీసులో ఐదు వాక్యాలు చెప్పమంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు మూపురానికి మాట అడుగుతారు. 'కుపిం' అని బోర్డు మీద రాస్తాను. చెదపురుగుకీ వాళ్లు వాడేది ఆ మాటే. చివరి 'మ్' గట్టిగా పలకొద్దని, అక్కడా అరసున్నే పెట్టుకోమని చెబుతాను.