కరెంటు పెట్టించడానికి ఏడు వారాలెందుకు?

గొంతు క్యాన్సర్ అని తేలిన మనిషికి డాక్టరు ముప్పై ఐదు సిట్టింగులు రేడియేషన్, అంటే మనవాళ్లు కరెంటు పెట్టడం అనేది, రాశారంటే ఇంట్లో మొదలయ్యే లెక్క ఒకటే. వారానికి ఐదు రోజులు, ఏడు వారాలు, రోజూ ఎట్లా పోయి రావాలి? తిరుపతిలో ఉండేవాళ్లకు ఫర్వాలేదు, పలమనేరు నుంచో పుంగనూరు నుంచో రావాలంటే టెన్షనే. తోడు వచ్చేవాళ్ల కూలి పోతుంది, ఇంటి దగ్గర పాలు పితికే దిక్కుండదు, తీరా చూస్తే మిషన్ కింద పడుకునేది పది పదిహేను నిమిషాలు. అదేదో ఒకే రోజు రెండు గంటలు కరెంటు పెట్టేసి పంపించెయ్యొచ్చు కదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఈ వైద్యం మొదలైన తొలి పాతికేళ్లలో చాలామంది డాక్టర్లు దాదాపు అదే చేసి చూశారు.

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టాడు. రెండు మూడు నెలలు తిరక్కుండానే షికాగోలో ఎమిల్ గ్రబ్ అనే కుర్రాడు ఒక రొమ్ము క్యాన్సర్ రోగికి ఆ కిరణాలు పెట్టాడట (ఇది ఆయన తర్వాతెప్పుడో చెప్పుకున్న మాట, అందరూ నమ్మరు). 1898లో క్యూరీ దంపతులు రేడియం కనిపెట్టారు. 1901లో బెక్వెరెల్ రేడియం ఉన్న గొట్టాన్ని కోటు జేబులో పెట్టుకుని తిరిగితే ఆ జేబు కింద చర్మం కాలింది, అదే రోజుల్లో పియర్ క్యూరీ కావాలనే తన చేతి మీద పెట్టుకుని మరీ పుండు చేసుకున్నాడు. మంచి చర్మాన్నే కాలుస్తోందంటే గడ్డను కూడా కాలుస్తుందిగా అన్నది అప్పటి ఆలోచన. కాల్చింది నిజమే. కానీ లోపలి గడ్డకు సరిపడా పెడితే పైన చర్మం ఊడిపోయేది, చర్మాన్ని కాపాడుకుంటే గడ్డ మళ్లీ పెరిగేది. డాక్టర్లూ బలయ్యారు, గ్రబ్ వేళ్లు పోగొట్టుకుని చివరికి క్యాన్సర్‌తోనే పోయాడు.

దారి దొరికింది పొట్టేళ్ల దగ్గర. పారిస్‌లో క్లాడియస్ రెగో అనే డాక్టరు పొట్టేళ్ల వృషణాల మీద ఎక్స్‌రేలు పెట్టి చూశాడు. ఒకేసారి పెద్ద మోతాదు పెడితే పొట్టేలుకు పిల్లలు పుట్టే శక్తి పోయేలోపే పై చర్మం కాలిపోయింది. అదే మోతాదును కొన్ని రోజులకు పంచి పెడితే ఆ శక్తి పూర్తిగా పోయింది, చర్మం నిలిచింది. వృషణంలో కణాలు ఎడతెగకుండా విభజన చెందుతుంటాయి, క్యాన్సర్ గడ్డలోనూ అంతే, కాబట్టి ఇక్కడ పనిచేసింది అక్కడా పనిచెయ్యాలని ఆయన లెక్క. ఆయన దగ్గరే పనిచేసిన ఆన్రీ కుతార్ 1920ల్లో గొంతు, స్వరపేటిక క్యాన్సర్ రోగులకు ఇదే పద్ధతిలో వారాల తరబడి కొద్ది కొద్దిగా పెట్టి కొందరికి పూర్తిగా నయం చేశాడు. ఇవాళ తిరుపతిలో గొంతు క్యాన్సర్ మనిషి ఫైల్లో రాసే 70 గ్రే, 35 సిట్టింగులు, రోజుకు 2 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదును కొలిచే కొలత) అన్న లెక్కకు వేరు అక్కడుంది.

కారణం తర్వాత తెలిసింది. రేడియేషన్ కణంలోని డీఎన్ఏ పోగుల్ని తెంపుతుంది. మంచి కణం రాత్రికి రాత్రే చాలావరకు అతుకు వేసుకుంటుంది, క్యాన్సర్ కణానికి ఆ పని అంత బాగా చేతకాదు, మర్నాడు మళ్లీ దెబ్బ పడుతుంది. ఇందులోనే ఒక చిక్కుంది. చికిత్స మూడు నాలుగు వారాలు దాటాక, నోటి, గొంతు క్యాన్సర్లలో ముఖ్యంగా, మిగిలిన కణాలు ముందుకంటే వేగంగా పెరగడం మొదలుపెడతాయి. అందుకే మధ్యలో ఆపితే నష్టం. నోట్లో పుండ్లు పడి రాగిజావ కూడా మింగలేని ఐదో వారంలోనే సరిగ్గా గంగ జాతర వస్తుంది, అది అయ్యాక వస్తాంలే సార్ అంటారు. రావచ్చు, కానీ పోయిన ఒక్కో రోజుకూ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని అంచనా. జాతర మళ్లీ ఏడాదికి వస్తుంది, ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు గట్టిగానే చెప్పాలి.

లోతు సమస్య కోబాల్ట్‌తో తీరింది. 1951లో కెనడాలో మొదలైన కోబాల్ట్-60 మిషన్ గామా కిరణాలు చర్మం కింద అర సెంటీమీటరు దగ్గర ఎక్కువ దెబ్బ కొడతాయి, పైన చర్మం మీద తక్కువ. 1953లో లండన్‌లో లీనియర్ యాక్సిలరేటర్ వచ్చింది, విద్యుత్తుతో ఎలక్ట్రాన్లను పరుగెత్తించి ఎక్స్‌రేలు పుట్టించే మిషన్. మన దగ్గర డాక్టర్లు లినాక్ అనేది దీన్నే. ఈ మిషన్ల కింద పడుకుని వచ్చిన మనిషి ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు, మనవణ్ణి నిశ్చింతగా ఎత్తుకోవచ్చు. ఇది ఇంకా తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా సంగతి తమాషాగా ఉంటుంది. 1915 నుంచి క్షయ రోగులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి మదనపల్లె ఆరోగ్యవరంలో నెలల తరబడి ఉండి వైద్యం చేయించుకునేవాళ్లు. అదే జిల్లా వాళ్లు క్యాన్సర్ అంటే మాత్రం దశాబ్దాలపాటు బయటికే పోయారు. చిత్తూరు వాళ్లు వేలూరు సీఎంసీకి, తిరుపతి, శ్రీకాళహస్తి వాళ్లు 1954లో ముత్తులక్ష్మి రెడ్డి మొదలుపెట్టిన చెన్నై అడయార్ ఆసుపత్రికి, కుప్పం వాళ్లు బెంగళూరు కిద్వాయ్‌కి. హైదరాబాదు క్యాన్సర్ ఆసుపత్రి 1955 నాటిదే అయినా మనకు అది ఒక రాత్రి ప్రయాణం. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో రేడియేషన్ విభాగం వచ్చాక కొంత మారింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక డబ్బు భారం ఇంకొంత తగ్గింది. 2018లో టీటీడీ స్థలంలో టాటా ట్రస్టులు పునాది వేసిన క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో అలిపిరి దగ్గర తెరుచుకుంది. మిషన్ దగ్గరికి వచ్చిందన్నమాట, ఏడు వారాలు మాత్రం ఏడు వారాలే.

అవీ కొన్నిచోట్ల తగ్గుతున్నాయి. రొమ్ము క్యాన్సర్‌కు ఒకప్పుడు ఐదు వారాలు, 25 సిట్టింగులు. బ్రిటన్‌లో జరిగిన పరీక్షల తర్వాత 40 గ్రే 15 సిట్టింగుల్లో, అంటే మూడు వారాల్లో పెట్టినా ఫలితం తగ్గదని తేలింది, 2020లో ఐదే సిట్టింగుల పద్ధతి ఫలితాలు కూడా అక్కడి నుంచే వచ్చాయి. అందరికీ సరిపడదు, ఆపరేషన్ ఎలా జరిగింది, గడ్డ ఎంత పాకింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. గొంతు, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లకు ఇంకా పాత లెక్కే ఎక్కువ. క్యాన్సర్ ఎముకలకు పాకి నొప్పితో పడుకోలేకపోతున్న ముసలివాళ్లకు మాత్రం చాలాసార్లు 8 గ్రే ఒక్క సిట్టింగు, పది రోజులు పెట్టినంత ఉపశమనమే ఇస్తుంది, కాకపోతే కొందరికి తర్వాత ఇంకోసారి పెట్టాల్సి రావచ్చు. తిరుపతిలో గది అద్దెకు చూసుకునే ముందు, మా కేసులో తక్కువ సిట్టింగులు కుదురుతాయా అని డాక్టర్ని అడగండి.